జనరేటర్ న్యూట్రల్‌కి ఎర్తింగ్: ఎక్కడ కలపాలి, ఎక్కడ కలపకూడదు

(అపార్ట్‌మెంట్ సంఘాల వాళ్లు, వైర్‌మన్లు, చిన్న కాంట్రాక్టర్ల కోసం విజయవాడలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు చదువుకుంటారని రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకి వచ్చేస్తాను. ముందు ఒక ప్రశ్న. మీ అపార్ట్‌మెంట్‌లో డీజీ, అంటే డీజిల్ జనరేటర్, ఉందా? ఉంది, అందరూ తలూపుతున్నారు. దానికి ఎర్త్ పిట్లు, అంటే ఎర్త్ కోసం భూమిలో తవ్విన గుంటలు, ఎన్ని? నాలుగు. చాలా బాగుంది, అందరికీ తెలుసు. రెండు బాడీకి, అంటే పైనున్న లోహపు భాగాలకి, రెండు న్యూట్రల్‌కి, అంటే కరెంటు తిరిగొచ్చే తీగకి. ఇప్పుడు చెప్పండి, ఆ నాలుగింటికీ మధ్య లోహంతో లింకు ఉందా లేదా? మట్టి సంగతి అడగటం లేదండీ, జీఐ పట్టీతోనో రాగి పట్టీతోనో కలిపారా అని అడుగుతున్నాను.

చూశారా, చేతులు లేవలేదు. ఈరోజు మాట్లాడాల్సింది దీని గురించే. పిట్లు తవ్వుతాం, బొగ్గు పోస్తాం, ఉప్పు పోస్తాం, రీడింగ్ తీసి బోర్డు మీద రాస్తాం. కానీ ఫాల్ట్ వచ్చినప్పుడు, అంటే ఫేజ్ లోహపు బాడీకి తగిలినప్పుడు, కరెంటు ఏ దారిన వెనక్కి రావాలో ఆలోచించం. కరెంటు భూమిలోకి పోయి మాయమైపోతుందని మనలో చాలామంది నమ్మకం. పోదండీ. కరెంటు ఎక్కడ బయల్దేరిందో అక్కడికే తిరిగి రావాలి. జనరేటర్ వైండింగ్‌లో బయల్దేరింది జనరేటర్ న్యూట్రల్‌కే రావాలి. వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లో బయల్దేరింది ఆ ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కే వెళ్లాలి. భూమి మధ్యలో ఒక దారి మాత్రమే, అదీ చాలా అధ్వానమైన దారి.

ఎంత అధ్వానమో లెక్కేద్దాం. పెన్నూ కాగితం ఉంటే రాసుకోండి. హైదరాబాద్ అనుకుందాం, కింద అంతా గ్రానైటు, మే నెల. న్యూట్రల్ పిట్ 8 ఓమ్‌లు, బాడీ పిట్ 8 ఓమ్‌లు, రెండింటికీ మధ్య లింకు లేదు. డీజీ నడుస్తోంది, ఒక ఫ్లాట్‌లో గీజర్ ఎలిమెంట్ పగిలి ఫేజ్ బాడీకి తగిలింది. 230 వోల్టులని 16తో, అంటే రెండు పిట్ల ఓమ్‌లూ కలిపి, భాగించండి. ఎంత? 14 ఆంపియర్ల చిల్లర. గీజర్ ఎంసీబీ, అదే కరెంటు మించితే తనంతట తనే పడే స్విచ్, ఎంత రేటింగు? 16. ట్రిప్ అవుతుందా? అవదు. జన్మలో అవదు. అది గీజర్ పనిచేస్తున్నట్టే అనుకుంటుంది. ఈలోగా ఆ గీజర్ బాడీ మీద ఎంత వోల్టేజి ఉంది? సగానికి సగం, 115 వోల్టులు. తడి చేత్తో పట్టుకుంటే చాలు. ఒక్క గీజరే కాదు, అదే ఎర్త్ వైరుకి కలిసిన ప్రతి ఫ్రిజ్జూ, ప్రతి వాషింగ్ మెషీనూ, లిఫ్టు తలుపూ, అన్నీ 115 మీద కూర్చున్నాయి. పొడిగా ఉన్నచోట 50 వోల్టులు దాటితేనే ప్రమాదం అంటాం, తడిచోట 25 దాటినా ప్రమాదమే.

ఇక్కడ నల్లరేగడి కాబట్టి మాకు 2 ఓమ్‌లే వస్తుంది సార్ అంటారు మీరు. సరే, న్యూట్రల్ పిట్ 2, బాడీ పిట్ 3 వేసుకోండి. 46 ఆంపియర్లు. బాడీ మీద 138 వోల్టులు. 16 ఎంసీబీ ఎప్పటికో వేడెక్కి పడుతుంది, కొన్ని సెకన్లు పట్టొచ్చు. 63 ఆంపియర్ల మెయిన్ దగ్గర ఫాల్ట్ అయితే అసలు పడదు. మంచి నేల, మంచి పిట్లు, మంచి రీడింగులు, అయినా మనిషికి రక్షణ లేదు.

ఇప్పుడు అదే న్యూట్రల్ ఎర్త్‌నీ బాడీ ఎర్త్‌నీ డీజీ ప్యానెల్ దగ్గర ఒక పట్టీతో బోల్టు వేసి కలపండి. గీజర్ బాడీ నుంచి ఎర్త్ వైరు మీదుగా, రైజర్ (అంతస్తుల మీదుగా వచ్చే మెయిన్ లైను) మీదుగా, పట్టీ మీదుగా నేరుగా న్యూట్రల్‌కి వచ్చేస్తుంది. దారి మొత్తం లోహమే. లూప్, అంటే ఆ దారి మొత్తం రెసిస్టెన్స్, అర ఓమ్ అనుకున్నా 460 ఆంపియర్లు. సీ టైపు 16 ఎంసీబీ రేటింగుకి పది రెట్లు, అంటే 160 దాటితే కన్ను మూసి తెరిచేలోపు పడిపోతుంది. ఏం మారింది? పిట్లు మార్చామా? ఉప్పు పోశామా? రెండు బస్‌బార్ల (తీగలన్నీ వచ్చి కలిసే లోహపు కడ్డీల) మధ్య ఒక పట్టీ, నాలుగు బోల్టులు.

ఇక్కడ సీనియర్ వైర్‌మన్లు ఒక మాట అంటారు. సార్, న్యూట్రల్ ఎర్త్ వేరు, బాడీ ఎర్త్ వేరు, రెండూ కలపకూడదు, ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోడు అని. ఈ మాట నేను వింటూనే ఉన్నాను. నియమం ఏం చెప్తోంది? మూడు ఫేజుల నాలుగు వైర్ల సిస్టంలో న్యూట్రల్‌ని రెండు వేర్వేరు కనెక్షన్లతో ఎర్త్ చేయాలి అంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల్లో 2010లోనూ ఉంది, వాటి స్థానంలో వచ్చిన 2023 వాటిలోనూ ఉంది. రెండు కనెక్షన్లు ఎందుకన్నారు? ఒకటి తుప్పుపట్టి ఊడిపోతే రెండోది ఉండాలని. అంతేగానీ బాడీ ఎర్త్‌తో దానికి సంబంధం లేకుండా చూడమని కాదు. ఎర్తింగ్ గురించి మనకున్న ఐఎస్ 3043, 2018లో కొత్తగా తెచ్చారు, అది తెరిచి టీఎన్-ఎస్, అంటే న్యూట్రలూ ఎర్తూ వేర్వేరు తీగలుగా నడిచే పద్ధతి, బొమ్మ చూడండి. సోర్స్ దగ్గర, అంటే కరెంటు పుట్టే ట్రాన్స్‌ఫార్మర్ లేదా డీజీ దగ్గర, న్యూట్రలూ ప్రొటెక్టివ్ కండక్టరూ (ఎర్త్ వైరు) ఒకే చోట కలిసి, అక్కడి నుంచి రెండూ వేరువేరుగా బయల్దేరతాయి. సోర్స్ దగ్గర కలవాలి, ఆ తర్వాత మళ్లీ ఎక్కడా కలవకూడదు. ఈ రెండో ముక్క కూడా అంతే ముఖ్యం, దాని దగ్గరికి వస్తాను.

ఒకాయన అడుగుతున్నారు, మరి కరెంటాఫీసు సప్లైకి ఇదే లింకు ఎందుకు వేయం అని. చాలా మంచి ప్రశ్న. వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ మీది కాదు, దాని న్యూట్రల్ పిట్లు మీవి కావు, అక్కడి నుంచి మీ గేటు దాకా మంచి ఎర్త్ కండక్టర్ వస్తోందని నమ్మకంగా చెప్పలేం. అందుకే మెయిన్స్ (వీధి కరెంటు) మీద ఉన్నప్పుడు మట్టే దారి అనుకోవాలి, మట్టే దారి అయినప్పుడు ఆర్‌సీసీబీ, అదే లీకేజీని పసిగట్టి కట్ చేసే పరికరం, లేకపోతే ప్రాణానికి దిక్కు లేదు. కానీ డీజీ మీది. మీ కాంపౌండ్‌లో ఉంది. దాని న్యూట్రల్ మీ చేతిలో ఉంది, మీ బాడీ ఎర్త్ మీ చేతిలో ఉంది. మధ్యలో పది మీటర్ల దూరం. ఆ పది మీటర్లు పట్టీ వేయకుండా మట్టికి వదిలేయడం ఏమిటి?

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఇది విని రేపు పొద్దున్నే వెళ్లి లింకు వేసేయొద్దు. ముందు ఛేంజోవర్, అంటే వీధి కరెంటు నుంచి డీజీకి మార్చే స్విచ్, చూడాలి. మూడు పోల్సా, నాలుగు పోల్సా? వరస తప్పితే మంచి చేయబోయి చెడు చేసినవాళ్లమవుతాం.

మూడు పోల్స్ ఛేంజోవర్ అంటే ఏంటి? ఆర్, వై, బీ అనే మూడు ఫేజులు మాత్రమే అటూఇటూ మారతాయి. న్యూట్రల్ మారదు. వీధి ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రలూ, మీ డీజీ న్యూట్రలూ, ఫ్లాట్ల న్యూట్రలూ ఇరవై నాలుగ్గంటలూ ఒకే బస్‌బార్ మీద కలిసే ఉంటాయి. ఇప్పుడు డీజీ న్యూట్రల్‌ని మీరు ఎర్త్ చేశారు. డీజీ ఆగి ఉంది, మెయిన్స్ నడుస్తోంది. ఫ్లాట్ల నుంచి వచ్చిన న్యూట్రల్ కరెంటుకి రెండు దారులు దొరికాయి. ఒకటి కేబుల్లో ట్రాన్స్‌ఫార్మర్‌కి, రెండోది మీ డీజీ న్యూట్రల్ పిట్ మీదుగా మట్టిలోంచి ట్రాన్స్‌ఫార్మర్ పిట్‌కి. కొంత అటు, కొంత ఇటు.

ఇది మీకు కళ్లతో చూపిస్తే నమ్ముతారు. హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కి పిలిచారు, పేరు వద్దు. కంప్లైంట్ ఏంటంటే, డీజీ ఆన్ అయిందంటే చాలు, కొన్ని ఫ్లాట్లలో ఆర్‌సీసీబీ పడిపోతోంది. డీజీ గదిలోకి వెళ్లాం. ఇంజిన్ చల్లగా ఉంది, పొద్దుటి నుంచి ఆన్ చేయలేదు. ఆల్టర్నేటర్ (డీజీలో కరెంటు పుట్టించే భాగం) టెర్మినల్ బాక్స్ మూత తీశాం. యూ, వీ, డబ్ల్యూ అనే ఫేజు టెర్మినళ్లు, పక్కన న్యూట్రల్ స్టడ్, దాని మీద రెండు లగ్గులు, ఒకటి కేబుల్‌ది, ఒకటి ఎర్త్ పట్టీకి పోయేది. ఆ ఎర్త్ పట్టీకి క్లాంప్ మీటర్, అదే చుట్టూ పట్టి కరెంటు కొలిచేది, తగిలించాం. ఆగిపోయి ఉన్న జనరేటర్ పట్టీలో ఎంత చూపించాలి? సున్నా. చూపించింది 4 ఆంపియర్ల పైన. లిఫ్టు కదిలినప్పుడల్లా అంకె పెరుగుతోంది, తగ్గుతోంది. పక్కనున్న ఎలక్ట్రీషియన్ కుర్రాడు మీటర్ చెడిపోయిందన్నాడు. మీటర్ బాగానే ఉంది. వీధి కరెంటు న్యూట్రల్ ఆ గదిలోంచి నడుచుకుంటూ పోతోంది.

సరే, మరి ఆర్‌సీసీబీలు ఎందుకు పడుతున్నాయి? ఆర్‌సీసీబీ చూసేది ఒక్కటే. ఫేజ్‌లో ఎంత వెళ్లింది, న్యూట్రల్‌లో ఎంత తిరిగొచ్చింది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకి చేరేలోపే పడిపోతుంది. అక్కడ ఆర్‌సీసీబీని ఏసీసీఎల్‌కి ముందు, మెయిన్స్ వైపు పెట్టారు. ఏసీసీఎల్ అంటే తెలుసుగా, ఫ్లాట్‌లో డీజీ మీదికి మార్చి, కేటాయించిన లోడు దాటితే కట్ చేసే డబ్బా. కొన్ని మోడళ్లు ఫేజ్ ఒక్కటే మారుస్తాయి, న్యూట్రల్ ముట్టుకోవు. కాబట్టి డీజీ మీద ఉన్నప్పుడు ఫేజ్ డీజీ నుంచి నేరుగా వస్తోంది, ఆర్‌సీసీబీ గుండా రావడం లేదు, న్యూట్రల్ మాత్రం కలిసే ఉంది కాబట్టి కొంత ఆర్‌సీసీబీ గుండా వెనక్కి పోతోంది. దానికి లీకేజీలాగే కనిపిస్తుంది, పడిపోతుంది. అది తన పని తాను సరిగ్గా చేస్తోంది. మరి అక్కడ ఏం చేశారో తెలుసా? మూడు ఫ్లాట్లలో ఆర్‌సీసీబీని బైపాస్ చేశారు, పైనుంచి కిందికి రెండు వైరు ముక్కలు వేసి టేపు చుట్టారు. లోపల చిన్నపిల్లలున్న ఇల్లు అది. నాకు చెప్పలేనంత బాధేసింది. తప్పు న్యూట్రల్ కలపడంలో ఉంటే, శిక్ష ప్రాణం కాపాడే పరికరానికి వేశారు.

దయచేసి వినండి, ఆర్‌సీసీబీ ఊరికే పడుతోందని ఎవరైనా అంటే, దాన్ని తీసేయకముందు న్యూట్రల్ ఎక్కడెక్కడ కలిసిందో వెతకండి.

ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. మూడు పోల్స్ ఛేంజోవర్ ఉంచి, డీజీ న్యూట్రల్‌ని బిల్డింగ్ బాడీ ఎర్త్‌కి లింకు చేశారనుకోండి. గాలివానకి వీధిలో న్యూట్రల్ తెగింది. అప్పుడు ఆ వీధిలో మీ తర్వాత ఉన్న ఇళ్ల న్యూట్రల్ కరెంటంతా ఎటు రావాలి? మీ బస్‌బార్‌కి, అక్కడి నుంచి మీ ఎర్త్ పిట్లకి. మీ ఇంట్లో ఏ ఫాల్టూ లేదు, అయినా మీ ఫ్రిజ్ బాడీ మీదకి వోల్టేజి ఎక్కుతుంది. అందుకే వరస అన్నాను. మొదట నాలుగు పోల్స్. ఆ తర్వాతే లింకు. నాలుగు పోల్స్ ఉంటే ఏ సోర్స్ నడుస్తోందో దాని న్యూట్రలే ఫ్లాట్లకి కనిపిస్తుంది, రెండోది పూర్తిగా విడిపోతుంది, ఏ క్షణంలో చూసినా న్యూట్రల్ ఎర్త్‌ని కలిసే చోటు మీ కాంపౌండ్‌లో ఒక్కటే, అదీ డీజీ నడుస్తున్నప్పుడే.

నాలుగు పోల్స్ స్విచ్ కొనేటప్పుడు ఒకటి అడగండి. న్యూట్రల్ పోల్ ముందు కలిసి ఆఖరున విడిపోతుందా అని. ఫేజులు ఇంకా కలిసుండగానే న్యూట్రల్ విడిపోతే ఏమవుతుందో తెలుసా? ఆర్ ఫేజ్ మీద ఒక ఫ్లాట్‌లో 500 వాట్ల లోడు, వై మీద ఇంకో ఫ్లాట్‌లో 2,000 వాట్లు అనుకోండి. న్యూట్రల్ పోతే ఆ రెండూ 400 వోల్టుల మీద సిరీస్‌లో పడతాయి. 500 వాట్లున్న ఇంటికి 320 వోల్టులు, 2,000 ఉన్న ఇంటికి 80. తక్కువ వాడుకునే ఇంట్లో టీవీ కాలిపోతుంది. ఒకే సాయంత్రం ఐదారు ఇళ్లలో టీవీలు, సెట్‌టాప్ బాక్సులు పోయాయి అని విన్నప్పుడల్లా ముందు న్యూట్రల్ జాయింట్ వెతకండి. న్యూట్రల్ దారిలో ఫ్యూజు ఎప్పుడూ పెట్టొద్దు, విడిగా స్విచ్ పెట్టొద్దు, ఫేజులతో కలిసి కదిలే లింక్డ్ స్విచ్ అయితేనే పెట్టాలి.

ఇప్పుడు అసలు న్యూట్రల్‌కి ఎర్తే ఇవ్వకుండా వదిలేసిన డీజీల సంగతి. ఇవీ చాలానే ఉన్నాయి, ముఖ్యంగా ఫంక్షన్ హాళ్లకి అద్దెకి తెచ్చే వ్యాన్ మీది సెట్లు. ఒక ఫేజు బాడీకి తగిలినా ఏమీ అవదు, ఎంసీబీ పడదు, ఆర్‌సీసీబీ పడదు, కరెంటు తిరిగొచ్చే దారే లేదు కదా. బాగుంది కదా అనిపిస్తుంది. కానీ ఆ క్షణం నుంచి న్యూట్రల్ భూమికి 230 వోల్టుల ఎత్తున ఉంటుంది, మిగతా రెండు ఫేజులు భూమికి 400 మీద ఉంటాయి. ఎవరికీ తెలీదు, లైట్లు వెలుగుతూనే ఉంటాయి. రెండో ఫాల్ట్ ఇంకో ఫేజు మీద, పందిరి కింద తడి గడ్డిలో సీరియల్ సెట్ దగ్గర వస్తుంది. అప్పుడు తెలుస్తుంది. ఫంక్షన్ హాల్ వాళ్లెవరైనా ఉంటే వినండి, వ్యాన్ వచ్చిన వెంటనే మీ హాలు ఎర్త్ బస్‌కి దాని బాడీనీ న్యూట్రల్‌నీ కలిపించండి, మధ్యలో ఆర్‌సీసీబీ ఉన్న డిస్ట్రిబ్యూషన్ బాక్స్ నుంచే లైటింగ్ తీసుకోమనండి.

ఇంకొకటి, ఇది కాంట్రాక్టర్లకి. పట్టీ వేశాను, 460 ఆంపియర్లు వస్తాయి, ఎంసీబీ పడుతుంది అని నిశ్చింతగా ఉండొద్దు. ట్రాన్స్‌ఫార్మర్ వేరు, ఆల్టర్నేటర్ వేరు. మామూలు సెల్ఫ్ ఎక్సైటెడ్ ఆల్టర్నేటర్‌లో ఫాల్ట్ పెద్దదైతే వోల్టేజి పడిపోతుంది, వోల్టేజి పడితే ఎక్సైటేషన్ (దాని అయస్కాంతానికి అందే కరెంటు) పడిపోతుంది, కొంచెంసేపట్లోనే కరెంటు ఇవ్వడం మానేస్తుంది. ఫ్లాట్‌లోని చిన్న ఎంసీబీకి ఆ మొదటి ఊపు చాలు. ప్యానెల్లో ఉన్న పెద్ద బ్రేకర్‌కి చాలకపోవచ్చు. 125 కేవీఏ సెట్‌కి ఫుల్ లోడే 174 ఆంపియర్లు, బ్రేకర్ 200 పెడతాం, అది వెంటనే పడాలంటే దానికి ఎన్నో రెట్లు కావాలి. కాబట్టి డీజీ ప్యానెల్లో ఎర్త్ ఫాల్ట్ రిలే, అంటే ఎర్త్‌లోకి కరెంటు పోతే బ్రేకర్‌ని పడేసే పరికరం, పెట్టండి. దాని సీటీని (కరెంటు కొలిచే రింగుని) నాలుగు కేబుళ్ల చుట్టూ వేయాలి, న్యూట్రల్ బయట వదిలేయకూడదు. అదీ ఎర్త్ లింకు తర్వాత, లోడు వైపే.

రెండు మూడు డీజీలు సింక్రనైజ్ చేసి, అంటే ఒకదానితో ఒకటి కలిపి, నడిపేచోట అన్ని న్యూట్రళ్లనీ ఒకేసారి ఎర్త్ చేస్తే మధ్యలో థర్డ్ హార్మోనిక్ (మామూలు ఫ్రీక్వెన్సీకి మూడు రెట్లున్న అనవసరపు కరెంటు) తిరుగుతుంది, అందుకే న్యూట్రల్ కాంటాక్టర్లు పెట్టి ఒకదాన్నే ఎర్త్ చేస్తారు. ఇక్కడ అలాంటి సైట్లు ఒకరిద్దరికే ఉంటాయి, విడిగా మాట్లాడదాం.

చాలామంది తెలీక చేసే ఇంకో పని చెప్తాను. పాత ఇంట్లో ఎర్త్ వైరు ఉండదు. త్రీ పిన్ సాకెట్‌లో పైనున్న ఎర్త్ పిన్నుకీ న్యూట్రల్‌కీ చిన్న వైరు ముక్క వేసి కలిపేస్తారు. టెస్ట్ ల్యాంప్ పెడితే వెలుగుతుంది, ఎర్త్ వచ్చేసింది సార్ అంటారు. ఆ ఇంటికి వచ్చే న్యూట్రల్ ఎక్కడైనా లూజైతే చాలు, ఫ్రిజ్‌లో బల్బు గుండా ఫేజ్ న్యూట్రల్‌కి, న్యూట్రల్ నుంచి ఆ ముక్క మీదుగా ఫ్రిజ్ తలుపుకి వస్తుంది. పూర్తి 230. న్యూట్రల్, ఎర్త్ కలిసేది సోర్స్ దగ్గరే అని మొదట్లో ఎందుకన్నానో ఇప్పుడు అర్థమైందా?

అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఇంట్లో జనరేటర్ పెట్టించుకున్నాడు, అక్కడ రెండు పోల్స్ స్విచ్చే పెట్టారు, అది తప్పా అని ముందు వరసలో ఒకరు రాసి పంపారు. తప్పు కాదండీ. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుఫానుకి కరెంటు పోయాక మనవాళ్లు కూడా చాలామంది కొనుక్కున్నారు. అక్కడ ఇంటి సర్వీస్ ప్యానెల్లోనే న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ కలపాలి, అది వాళ్ల కోడ్. రెండు ఫేజు కాళ్లే మార్చి న్యూట్రల్ మార్చకపోతే ఆ ప్యానెల్లో ఉన్న బాండే, అంటే న్యూట్రల్-ఎర్త్ లింకే, జనరేటర్‌కీ సరిపోతుంది, కాబట్టి జనరేటర్ లోపలి లింకు తీసేయాలి. న్యూట్రల్‌ని కూడా మార్చే స్విచ్ అయితే జనరేటర్ దగ్గర లింకు ఉండాలి. పోర్టబుల్ సెట్‌ని ఇంటికి కలపగానే దాని జీఎఫ్‌సీఐ (మన ఆర్‌సీసీబీ లాంటిది) పడిపోతే కారణం బాండ్ రెండు చోట్ల ఉండటమే. అప్పుడు ఎర్త్ వైరు కోసేయకూడదు, మాన్యువల్ చూసి లోపలి లింకు తీయించాలి, లేదా న్యూట్రల్ మార్చే స్విచ్ పెట్టించాలి. లింకు తీసిన సెట్‌ని మళ్లీ విడిగా వాడేటప్పుడు లింకు తిరిగి వేయించాలని కూడా చెప్పండి.

ఛేంజోవరే లేకుండా సాకెట్‌లోకి ప్లగ్గు గుచ్చి ఇంటికి కరెంటు ఇవ్వడం గురించి ఒక్క మాట. 2014 హుద్‌హుద్‌కి విశాఖలో, 2018 తిత్లీకి శ్రీకాకుళంలో రోజుల తరబడి కరెంటు లేదు, చిన్న సెట్లు అద్దెకి తెచ్చుకోని వీధి లేదు. మీ 230 వోల్టులు సర్వీస్ వైరులోంచి వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కి వెళ్తే అది తిరగేసి పనిచేస్తుంది, అవతలి వైపు వేల వోల్టులు. స్తంభం మీద లైన్‌మన్ ఉంటాడు. లైన్ చచ్చిందనుకుని ఎక్కుతాడు. ఏ పరిస్థితిలోనూ ఆ పని చేయొద్దు, పక్కింటివాళ్లు చేస్తుంటే ఆపండి.

చివరగా ఆ మూల నుంచి వచ్చిన ప్రశ్న. మా దగ్గర పాత మూడు పోల్స్ ప్యానెల్, కొత్త స్విచ్‌కి సంఘంలో డబ్బులు జమ కావడానికి టైం పడుతుంది, అప్పటిదాకా ఏం చేయమంటారు అని. న్యూట్రల్ పిట్లని ఉన్నవాటిని ఉన్నట్టే ఉంచండి, బాడీ ఎర్త్‌తో లింకు మాత్రం ఇప్పుడు వేయొద్దు. ప్రతి ఫ్లాట్‌లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీని ఏసీసీఎల్ తర్వాత, లోడు వైపు పెట్టించండి, అప్పుడు మెయిన్స్ మీదా డీజీ మీదా రక్షణ ఉంటుంది, ఊరికే పడదు కూడా. టెస్ట్ బటన్ డీజీ మీద ఉన్నప్పుడు కూడా నొక్కి చూడండి. ఆ బటన్ పరికరం కదులుతోందనే చెప్తుంది, మీ ఎర్త్ బాగుందని చెప్పదు, దానికి లూప్ టెస్టర్, అంటే ఫాల్ట్ దారి రెసిస్టెన్స్ కొలిచే మీటర్, కావాలి. డీజీ ఆపి న్యూట్రల్ ఎర్త్ పట్టీకి క్లాంప్ పెట్టి అంకె రాసుకోండి. నాలుగు పోల్స్ పెట్టిన రోజున మళ్లీ అక్కడే పెట్టండి, సున్నా రావాలి. వచ్చాకే లింకు బోల్టు బిగించండి.